ఊ కొట్టిన మనిషి

నాకు చిన్నప్పటి నుంచీ చప్పుడంటే పడదు. అన్నం నమిలే చప్పుడు, కుర్చీ ఈడ్చే చప్పుడు, ఫోన్‌లో మాట్లాడే వాళ్ళ వెనకాల మోగే టీవీ, ఏదీ సహించను. మా ఆయన నన్ను ‘సైలెన్స్ బోర్డు’ అంటాడు. అలాంటి దాన్ని దేవుడు తీసుకెళ్ళి అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్ ఊళ్ళో మా తెలుగు చర్చిలో సౌండ్ పెట్టె ముందు కూర్చోబెట్టాడు. పాస్టర్ గారి ప్రసంగాన్ని రికార్డ్ చేసి, బాగు చేసి, సోమవారం పొద్దున్నకల్లా ఇంటర్నెట్‌లో పెట్టాలి. జీతం లేని పనే గానీ జీతం వచ్చే పనికంటే శ్రద్ధగా చేసేదాన్ని.

బాగు చేయడం అంటే ఏమిటో చెప్పాలి. మా చర్చిలో పాస్టర్ గారు ఒక మాట అనీ అనకముందే ముందు వరుసలోంచి ‘స్తోత్రం’ అని వినిపిస్తుంది. వెనక వరుసలోంచి ‘ఆమెన్’ వస్తుంది. మధ్యలో ఎవరో ‘అవునయ్యా’ అంటారు. వీటన్నిటినీ నేను బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేసేదాన్ని. చివరికి పాస్టర్ గారి గొంతు ఒక్కటే మిగిలేది. ఒక ఆదివారం, ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే ఆంటీ ఒకావిడ నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

“ఏమ్మా, ఆ వీడియో చూసినోళ్ళు చర్చికి ఎవరూ రాలేదనుకుంటారు. మా స్తోత్రాలన్నీ ఏం చేశావు?”

“క్లీన్ చేశానాంటీ,” అన్నాను గర్వంగా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడకి టెక్నాలజీ తెలియదులే అనుకున్నాను.

నా అసలు ఉద్యోగం ఒక యూనివర్సిటీ లైబ్రరీలో. పాత రికార్డింగులను కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచే విభాగం మాది. నాతో చదివిన వాళ్ళంతా మా ఊళ్ళోనే, లాస్ కోలినాస్ అద్దాల ఆఫీసుల్లో కూర్చుంటే నేను నలభై నిమిషాలు హైవే మీద డ్రైవ్ చేసి వెళ్ళి, కిటికీ లేని గదిలో క్యాసెట్ల మధ్య కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే పాత రికార్డింగుల మీద ప్రేమతో చేరలేదు. యూనివర్సిటీ అయితే హెచ్‌వన్‌బి వీసాకి లాటరీ ఉండదు కదా అని చేరాను. ప్రేమ తర్వాత పుట్టింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళలో కూడా జరిగేది అదే కదా!

మా క్యాంపస్ చివర, పార్కింగ్ గ్యారేజీ పక్కన, తెల్ల రంగు వేసిన రెండంతస్తుల చెక్క ఇల్లు ఒకటుంది. అదే బ్లాక్ కల్చరల్ సెంటర్. డెబ్బైల మొదట్లో, ఇక్కడి నల్లజాతి విద్యార్థులందరూ ఒక బస్సులో పట్టే రోజుల్లో, తొమ్మిది మంది కలిసి దాన్ని మొదలుపెట్టారు. వాళ్ళు పట్టాలు పుచ్చుకుని, ఉద్యోగాలు చేసి, పిల్లల్ని పెంచుకున్న పాతికేళ్ళకు మళ్ళీ ఆ ఇంట్లోనే కలుసుకుని, వంటగది బల్ల మీద ఒక టేప్‌రికార్డర్ పెట్టుకుని, ఆ సెంటర్ ఎలా పుట్టిందో రెండు రోజులపాటు చెప్పుకున్నారు. మొత్తం పదకొండు క్యాసెట్లు అయ్యాయి. అవి ఇంకో పాతికేళ్ళు ఒకరి గ్యారేజీలో, టెక్సాస్ ఎండలో ఉడికి, చివరికి సెంటర్ యాభై ఏళ్ళ పండుగ సందర్భంగా నా బల్ల మీదికి వచ్చాయి.

వాటి పరిస్థితి ఎలా ఉందంటే, ఒక్కసారి ఆడిస్తే రిబ్బన్ మీది పూత రాలి మెషిన్‌కి అంటుకునేది. రెండోసారి ఆడించే మాటే లేదు. ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ ఒక్కసారి ఆడించి, కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ తర్వాత ఆ క్యాసెట్లు ఉత్త ప్లాస్టిక్ పెట్టెలే.

వాటిలో అన్నిటికంటే నాకు నచ్చింది ఏడో క్యాసెట్‌లోని కుర్చీ కథ. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో వాళ్ళ జుట్టు కత్తిరించే వాళ్ళు లేరట. ఉన్న షాపుల వాళ్ళు ‘మాకు రాదు’ అనేవారట. రాదో, ఇష్టం లేదో దేవుడికే తెలియాలి. కటింగ్‌కి ఎవరిదో ఒక కారు అడుక్కుని నలభై మైళ్ళు వెళ్ళి వచ్చేవారు. తమకంటూ ఒక చోటు కావాలని డీన్ దగ్గరికి వెళితే, “కల్చరల్ సెంటర్ అంటే ఏం పెడతారు? పుస్తకాలా, బొమ్మలా?” అని అడిగాడట. “ముందు ఒక బార్బర్ కుర్చీ పెడతాం సర్,” అన్నారట వీళ్ళు. కూల్చడానికి సిద్ధంగా ఉన్న ఆ చెక్క ఇంటిని ఇచ్చారు. ఒకరి మేనమామ దగ్గర మూలపడి ఉన్న ఇనప కుర్చీని తెచ్చి వంటగదిలో పెట్టారు. శనివారాలు అబ్బాయిలకు కటింగ్. అమ్మాయిలు పొయ్యి మీద ఇనప దువ్వెన వేడి చేసి, రింగుల జుట్టు సాగేలా ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. పుస్తకాలు ఏడాది తర్వాత గానీ రాలేదు.

ఇంత మంచి కథ. చెప్పే ఆయన గొంతు కూడా గంభీరంగా, తీరుబడిగా ఉంది. కానీ దాని చుట్టూ చప్పుళ్ళే చప్పుళ్ళు. గిన్నెలు, నవ్వులు, కుర్చీలు, దానికి తోడు ప్రతి వాక్యానికీ ఎవరో ఒకరు ‘మ్‌హ్మ్’ అనడం. కొన్నిచోట్ల ‘హ్మ్’. కొన్నిచోట్ల సాగదీసిన ‘ఊఁ’. పండుగ రోజు సెంటర్ గోడ దగ్గర జనం బటన్ నొక్కి వింటారట. అలాంటి చోట ఇంత రొద ఎలా ఉంచడం? మాటలు మాత్రమే ఉంచి మిగతావి తీసేయమని నాకు ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే పూనుకున్నాను. మాట కాని ప్రతి చిన్న శబ్దాన్నీ గుర్తుపట్టి తీసేసే పద్ధతి ఒకటి తయారు చేసుకుని, అది వదిలేసిన వాటిని చేత్తో ఏరాను. నాలుగు వారాలు పట్టింది. చివరికి కథ అద్దంలా వచ్చిందని మురిసిపోయాను. మాట్లాడిన వాళ్ళ జాబితాలో ఎనిమిది పేర్లు రాశాను. కాగితాల్లో తొమ్మిది మంది అని ఉంది గానీ, ఆ తొమ్మిదో మనిషి ఆ రోజు రాలేదేమో అనుకున్నాను.

పండుగ ఇంకో నెల ఉందనగా, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన వచ్చారు. ఆ గంభీరమైన గొంతు ఆయనదే. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ, చెవులకు వినికిడి మెషిన్లు. నేను ఆయన కూతురి వయసు దాన్ని అయినా మాటకు ముందు ‘మ్యామ్’, మాట తర్వాత ‘మ్యామ్’. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లిషులోనే. నాకు మాత్రం ఎందుకో అంతా తెలుగులోనే గుర్తుంది.

“కుర్చీ కథ ఒక్కటి వినిపిస్తారా మ్యామ్?” అన్నారు. చెవి మెషిన్లు తీసి జేబులో పెట్టుకుని నా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు.

నేను పక్కనే నిలబడి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయ్యాయి. కనుబొమలు ముడిపడ్డాయి. చేత్తో ఆపమన్నారు.

“ఇది నేనే. అనుమానం లేదు,” అన్నారు. “కానీ నేను ఎవరితో మాట్లాడుతున్నాను?”

నాకు అర్థం కాలేదు. “అందరితో, సర్.”

“కాదు మ్యామ్. నా పక్కన నా భార్య కూర్చుని ఉంది. ఆమె ఏదీ?”

అప్పుడు చెప్పారు. తొమ్మిదో మనిషి ఆయన భార్య. ఆ ఇంటి తాళం చెవి మొదట ఆమె చేతికే ఇచ్చారట. మిగతా ఎనిమిది మందీ పారేసుకుంటారని ఆమెకు నమ్మకం. శనివారం ఎవరు ముందు కుర్చీ ఎక్కాలో, ఎవరు గిన్నెలు కడగాలో తేల్చేది కూడా ఆమే. కానీ నలుగురి ముందు నోరు విప్పేది కాదు. ఫొటోలకు నిలబడేది కాదు. ఆ రికార్డింగ్ రోజు కూడా నేను మాట్లాడనంటే మాట్లాడనని చెప్పి, ఆయన పక్కన కుర్చీ వేసుకుని, ఆయన చెప్పినంతసేపూ ‘మ్‌హ్మ్’ అంటూ కూర్చుంది.

“ఆమె పోయి పద్నాలుగేళ్ళయింది,” అన్నారు. “ఆన్సరింగ్ మెషిన్‌లో ఒక్క ముక్క ఉండేది. అదీ చెరిగిపోయింది. ఇంకెక్కడా ఆమె గొంతు లేదు. ఆ క్యాసెట్లు నా గ్యారేజీలోనే ఉన్నాయి గానీ పెట్టి వినే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి ఇంకో ఏడాదో, అంతకంటే తక్కువో అన్నాడు డాక్టర్. అది ఉండగానే ఒకసారి విందామని వచ్చాను.”

ఆ శబ్దాలన్నీ నాకు గుర్తున్నాయి. స్క్రీన్ మీద చిన్న చిన్న బొడిపెల్లా కనిపించేవి. ఒక్కొక్క దాన్నీ పట్టుకుని నేనే తీసేశాను. అవి ఏమిటో తెలియని దాన్నా నేను? మా ఇంట్లో కథ చెప్పేవాళ్ళు ముందు పెట్టే షరతే ఊ కొట్టాలని. ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోయేది. ఇప్పటికీ ఫోన్‌లో మా అమ్మ రెండు వాక్యాలు చెప్పాక నేను ఊ అనకపోతే, “లైన్‌లో ఉన్నావా?” అంటుంది. ఊ కొట్టడంలో పుట్టి పెరిగిన దాన్ని, ఒకావిడ పాతికేళ్ళ కిందట కొట్టిన ఊలన్నీ చెత్త అని ఏరి పారేశాను.

“అసలు రికార్డింగులు భద్రంగా ఉన్నాయి సర్,” అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. “బుధవారం రండి, వినిపిస్తాను.”

ఆయన మొహం విప్పారింది. నా చేయి రెండు చేతులతో పట్టుకుని ఊపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. బాగు చేసిన కాపీ తయారైన నెలకు, బాగు చేయని ముడి రికార్డింగు దానంతటదే చెరిగిపోయేలా ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టాను. రాసింది నేనే. స్థలం ఊరికే వృథా కాకూడదని, ఎవరూ అడక్కుండానే రాసి, మీటింగులో చూపించి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఈ క్యాసెట్ల పని మార్చి నెలాఖరుకు అయిపోయింది. ఇప్పుడు సెప్టెంబరు. అయినా ఒకసారి చూద్దామని తెరిస్తే, ఆ ఫైళ్ళు ఉండే సర్వర్‌ని రిపేరు కోసం సోమవారం దాకా మూసేశామని నోటీసు కనిపించింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది ఆ పెద్దాయన కాదు, నా ఉద్యోగం. ఉద్యోగం పోతే దేశం వదలడానికి అరవై రోజుల గడువు, పెట్టె సర్దుకోవడం, పిల్ల స్కూలు, ఇవన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆ తర్వాతే ఆయన జేబులో పెట్టుకున్న చెవి మెషిన్లు గుర్తొచ్చాయి. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయనది ఖమ్మం. ఎంత పెద్ద విషయమైనా చెయ్యి కడుక్కుంటూ వింటాడు.

“పూర్తిగ డిలీట్ అయిపోయినయా?”

“అయిపోయుంటాయి. నా ప్రోగ్రామ్ ఎప్పుడూ ఫెయిల్ అవ్వదు.”

“అదేందే, గిప్పుడు కూడా గొప్పలేనా?” అన్నాడు. తర్వాత నా మొహం చూసి టవల్ పక్కన పెట్టి, “మండే దాకా ఆగు. చూడకుండనే ఏడవకు,” అన్నాడు.

ఆగమంటే ఆగడం నా వల్ల అవుతుందా? శనివారమంతా ఇల్లు కడిగాను. ఆదివారం చర్చిలో సౌండ్ పెట్టె ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి పాస్టర్ గారిని కాకుండా మిగతా వాళ్ళను విన్నాను. ఒకాయన ‘ఆమెన్’ని దగ్గుతో కలిపి అంటాడు. కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయి పెదవులతో మాత్రమే అంటుంది. ముందు వరుస ఆంటీ అయితే వాక్యం ఎటు పోతుందో ముందే తెలిసినట్టు, పాస్టర్ గారు ఊపిరి తీసుకునే చోట సరిగ్గా స్తోత్రం అందిస్తుంది. ఆయన చూపు కూడా ఆవిడ వైపే పోతోంది. మూడేళ్ళుగా ఆ గదిలో కూర్చున్నాను, ఒక్కసారీ గమనించలేదు.

భోజనాల దగ్గర ఆ ఆంటీ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆవిడ పప్పన్నం కలుపుతూ వింది. నేను ఆగిన ప్రతిచోటా “ఊఁ” అంది.

“నన్ను తిట్టరేంటి ఆంటీ?”

“తిట్టేదేముందమ్మా. మేం అనకపోతే పాస్టర్ గారు ముందుకెలా వెళ్తారు? ఎదురుగా మనిషి ఉన్నాడని తెలియాలి కదా,” అంది. నా కంచంలో ఇంత పప్పు వేసి, “ప్రార్థన చేస్తాలే. ఉన్నా లేకపోయినా ఆ పెద్దాయనకి మాత్రం నిజం చెప్పెయ్. అబద్ధం మీద కూర్చోబెట్టకు,” అంది.

చెప్తానని మాట ఇచ్చాను. మాట ఇచ్చాక ఇంకా భయం వేసింది.

సోమవారం ఎనిమిదింటికల్లా సర్వర్లు చూసుకునే ఆయన గది ముందు నిలబడ్డాను. నెమ్మదస్తుడు. కాఫీ కప్పు మూత తీయడానికే అయిదు నిమిషాలు తీసుకుంటాడు. విషయం చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి, కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఏదో టైప్ చేసి, స్క్రీన్ నా వైపు తిప్పాడు.

పదకొండు ఫైళ్ళు. ఒకటి, రెండు, మూడు, పదకొండు దాకా. నేను పెట్టిన పేర్లతో, నేను పెట్టిన వరసలో.

“ఇవి చెరిగిపోవాలి కదా?” అన్నాను.

“చెరిగిపోవాలి. కానీ నీ ప్రోగ్రామ్ ఏప్రిల్ నుంచి నడవలేదు,” అన్నాడు. “నీ అకౌంట్ లాక్ అయింది చూడు, అప్పుడు ఆగిపోయింది. అకౌంట్ తిరిగి ఇచ్చారు గానీ దాని మీద నడిచే పనులను మళ్ళీ ఆన్ చేయాలి. ఎవరూ చేయలేదు.”

ఆ ఎవరూ నేనే. ఏప్రిల్‌లో నా వీసా పొడిగింపు కాగితాలు ఇంకా పెండింగ్‌లో ఉన్నాయి. పాత గడువు తీరినా, అప్లికేషన్ నడుస్తుండగా పని చేసుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఆ మాట మా ఆఫీసు కంప్యూటర్‌కి తెలియదు. గడువు తేదీ రాగానే నన్ను మనిషే కాదన్నట్టు అన్నిట్లోంచీ తోసేసింది. తొమ్మిది రోజులు ఈమెయిల్ లేదు, తలుపు కార్డు పనిచేయలేదు. ఎవరో తలుపు తీస్తే లోపలికి వెళ్ళి ఖాళీగా కూర్చునేదాన్ని. ఆ తొమ్మిది రోజుల్లో బాత్రూమ్‌లో ఎన్నిసార్లు ఏడ్చానో, ఆ కంప్యూటర్‌ని ఎన్ని తిట్లు తిట్టానో చెప్పలేను. ఇంత చదువు చదివి, ఇన్ని పన్నులు కట్టి, ఒక తలుపు తీయించుకోవడానికి అడుక్కోవాలా అని ఉడికిపోయాను. ఇంకో పదకొండు రోజుల్లో ఆ పెద్దావిడ గొంతు చెరిగిపోవాల్సి ఉందని, నన్ను తోసేసిన ఆ తలుపే దాన్ని ఆపిందని నాకు అప్పుడేం తెలుసు?

అక్కడే కుర్చీలో కూలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆయన కంగారుపడి కాగితం రుమాలు అందించాడు. మూడు చోట్ల కాపీలు తీయించాను. ఆ ప్రోగ్రామ్‌ని నా చేత్తో తీసేశాను. కారిడార్‌లోంచి మా ఆయనకు ఫోన్ చేసి, “ఉన్నాయి!” అని అరిచాను.

“ఏమున్నయే?”

“ఊలు! అన్నీ ఉన్నాయి!”

అటువైపు ఆయన మీటింగులో ఉన్నాడట. స్పీకర్ ఆన్‌లో ఉందట. ఏమనుకుంటే అనుకోనీ.

ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని ఏడో క్యాసెట్ మళ్ళీ విన్నాను. ఈసారి ఆవిడ కోసమే విన్నాను. లోతైన గొంతు. తొందర లేదు. ఆయన మాట తడబడిన చోట చిన్న ‘మ్’ అని చెయ్యి అందించినట్టు ఉంటుంది. డీన్ మాట వచ్చినప్పుడు ‘మ్‌హ్మ్’ గట్టిగా, మూతి బిగించి అన్నట్టు వినిపిస్తుంది. ఆవిడ అన్నాకే ఆయన తర్వాతి మాట అందుకుంటున్నాడు. ఇవన్నీ తీసేసి నేను అద్దంలా ఉందని మురిసిపోయిన కథలో ఆయన ఒక ఖాళీ గదిలో కూర్చుని మాట్లాడుతున్నాడు. నా జాబితా తెరిచి, ఎనిమిది పేర్ల కింద తొమ్మిదో పేరు చేర్చాను. రికార్డింగు మాటలన్నీ రాసిన ప్రతిలో ఆవిడ అన్న ప్రతి ఊకీ ఒక వరస ఇచ్చి, పక్కన ఆవిడ పేరు రాశాను.

బుధవారం ఆయన అదే ఇస్త్రీ చొక్కాతో, కొత్త టై కట్టుకుని వచ్చారు. పెళ్ళిచూపులకు వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్నారు. హెడ్‌ఫోన్స్ ఇవ్వబోయే ముందు నేను ఆంటీకి ఇచ్చిన మాట ప్రకారం అంతా చెప్పేశాను. ఆవిడను తీసేసింది నేనేనని, చెరిపేయడానికి ఏర్పాటు చేసింది కూడా నేనేనని, భద్రంగా ఉన్నాయని చెప్పినప్పుడు అసలు ఉన్నాయో లేదో నాకే తెలియదని చెప్పాను. వీసా సంగతి, తొమ్మిది రోజుల సంగతి కూడా చెప్పాను.

ఆయన చేతిలోని టోపీని బల్ల మీద పెట్టారు.

“అంటే మ్యామ్, గవర్నమెంట్ వాళ్ళు మీ కాగితాలు టైముకి పంపి ఉంటే, నా భార్య పోయేదన్నమాట.”

“అవును సర్.”

“గవర్నమెంట్ ఆలస్యం వల్ల మనకి మేలు జరిగిందంటే ఆమె చచ్చినా నమ్మదు,” అని పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక ఆయన నెమ్మదిగా, “తలుపు బయట నిలబడటం అంటే ఏమిటో మాకూ తెలుసులే,” అన్నారు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడానికి ఆయనకు నేను సాయం చేశాను. కుడి చెవి వైపు శబ్దం పెంచాను. నాకు వినడానికి ఇంకో జత తగిలించుకున్నాను.

రికార్డింగ్ మొదలైంది. గిన్నెల చప్పుడు. నవ్వులు. పాతికేళ్ళ కిందటి ఆయన గొంతు సవరించుకుని కుర్చీ కథ ఎత్తుకున్నాడు. మొదటి వాక్యం అయింది.

“మ్‌హ్మ్,” అంది ఆవిడ.

ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. బుగ్గల మీదుగా నీళ్ళు కారి టై మీద పడుతున్నా తుడుచుకోలేదు. నేను అటు తిరిగి స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.

కథలో కుర్చీ ఇంటి మెట్లు ఎక్కే చోటు వచ్చింది. “ఆ ఇనప కుర్చీని నేనొక్కణ్ణే మోసుకుంటూ మెట్లెక్కాను,” అంటున్నాడు పాతికేళ్ళ కిందటి ఆయన. దానికి ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. కొంచెం ఆగి, “హ్మ్,” అంది. వెనక అందరూ గొల్లున నవ్వారు.

“విన్నారా?” అన్నారు ఆయన కళ్ళు తెరిచి, ఏడుస్తూనే నవ్వుతూ. “అది ఒప్పుకోవడం కాదు. నలుగురం మోశాం. ఒక కాలు ఆమే పట్టుకుంది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో నా అబద్ధం ఒక్కటి కూడా ఆమె సాగనివ్వలేదు.”

చివరిదాకా విన్నారు. అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీయలేదు. రెండు చేతులతో చెవుల మీద అదిమి పట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను ఆపేయాలా వద్దా అని చూస్తున్నాను.

“ఇంకోసారి పెడతారా మ్యామ్?” అన్నారు. “ఈసారి నా గొంతు తగ్గించడం వీలవుతుందా?”

వీలవుతుందన్నాను. మొదటి నుంచి మళ్ళీ పెట్టి, చెయ్యి మీట మీద ఉంచి, ఆయన మాట్లాడినప్పుడల్లా తగ్గిస్తూ, ఆవిడ వచ్చినప్పుడల్లా పెంచుతూ కూర్చున్నాను.